పిల్లల్ని కనాలా? – వేడెక్కుతున్న నేల మీద ఒక ఆలోచన

(బి.యస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థిని)

సావనీరుకు ఏదైనా ఒక సైన్సు వ్యాసం రాసి ఇవ్వమని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు, వరి పూత దశ గురించి రాద్దామనుకున్నాను. రైతు బిడ్డను గనుక అది నాకు తెలిసిన విషయం, మార్కులకూ పనికొచ్చే విషయం. కాని రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఇంకొక ప్రశ్న అడ్డం వచ్చింది. ఆ ప్రశ్నకు జవాబు వెతకకుండా వరి పూత గురించి రాయలేననిపించింది. కాబట్టి ఆ ప్రశ్ననే మీ ముందు పెడుతున్నాను.

మా ఊరు జగిత్యాలకు దగ్గర, కాకతీయ కాలువ కింద. మాకు మూడెకరాల వరి, ఎకరం పసుపు. మా అక్కను కోరుట్ల దగ్గరి పల్లెకు ఇచ్చినం. బావ దుబాయిలో కట్టడం పని చేస్తాడు. రెండేళ్లకొకసారి రెండు నెలల సెలవు మీద ఇంటికి వస్తాడు. 2023లో దసరాకు వచ్చి వెళ్లాడు. అక్క ఆ యేడు మార్చి దాకా పసుపు ఉడకబెట్టే కాడ, ఆరబోసే కాడ పనిచేసింది. తర్వాత నీడ పట్టున కూర్చొని బీడీలు చుట్టింది. 2024 మే మొదటి వారం, ఎండలు మండిపోతున్న రోజుల్లో, ఏడో నెలలోనే నొప్పులు వచ్చాయి. బిడ్డ దక్కలేదు.

కొన్నాళ్లకు నేను అక్క దగ్గరికి పోతే, రాత్రి మిద్దె మీద పండుకొని అడిగింది. "నువ్వు సైన్సు చదువుతున్నవ్ గదా చెల్లె. ఎండలు ఏటికేడు ఇంకింత ఎక్కువైతయంటున్రు. నేను మళ్ల కడుపు తెచ్చుకోవాల్నా? తెచ్చుకుంటె ఆ పిల్ల ఎట్ల బతుకుతది? సదువుకున్నదానివి, చెప్పు."

పరీక్షలో ఐతే తెలియని ప్రశ్న వదిలేసి ముందుకు పోవచ్చు. అక్క ముందు అట్లా కుదరలేదు. "చూసి చెప్తనక్కా" అన్నాను. ఈ వ్యాసం ఆ చూడటమే. నాకూ ఇరవై ఏండ్లు నిండినవి. ఇంటికి సంబంధాలు వస్తున్నవి. కాబట్టి ఇది అక్క ఒక్కదాని ప్రశ్న కూడా కాదు.

వేడి లెక్క

మొదట మనకు తెలిసిన పాఠాన్ని ఒకసారి నెమరు వేసుకుందాం. సూర్యుని వేడిని భూమి తీసుకొని తిరిగి పైకి పంపుతుంది. అట్లా పోయే వేడిని గాలిలోని కార్బన్ డై ఆక్సైడు, మీథేను, నీటి ఆవిరి కొంత పట్టి ఉంచుతాయి. బొగ్గు కాల్చడం వల్ల ఈ పట్టు పెరిగి భూమి వేడెక్కుతుందని స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ 1896లోనే లెక్క గట్టాడు. యంత్రాల యుగానికి ముందు గాలిలో పదిలక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లు కార్బన్ డై ఆక్సైడు ఉండేది. హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ 1958లో కొలవడం మొదలుపెట్టేనాటికి అది సుమారు 315. 2024 నాటికి 420 దాటింది. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం 2024వ సంవత్సరం, యంత్రయుగానికి ముందు కాలం కంటే సుమారు 1.55 డిగ్రీలు వేడిగా గడిచింది. 2015లో పారిస్ ఒప్పందంలో దేశాలన్నీ దాటకుండా చూద్దామనుకున్న గీత 1.5 డిగ్రీలు. ఒక్క సంవత్సరం దాటినంత మాత్రాన ఒప్పందం విఫలమైనట్టు కాదు. అది ఎన్నో యేండ్ల సగటు మీద చూసే గీత. కాని గీత ఎంత దగ్గరికి వచ్చిందో తెలియడానికి ఈ అంకె చాలు.

ఒకటిన్నర డిగ్రీ అంటే ఏముంది, పొద్దుటికీ మధ్యాహ్నానికీ పదిహేను డిగ్రీల తేడా ఉంటుంది గదా అని కొందరు మిత్రులు నవ్వుతారు. మనిషి ఒంటికి ఒకటిన్నర డిగ్రీ పెరిగితే దాన్ని జ్వరమంటాం. భూమి సగటు కూడా అట్లాంటిదే. సగటు కొంచెం జరిగితే అంచులు చాలా దూరం జరుగుతాయి.

ఆ అంచులను మనం కండ్లారా చూసినవాళ్లమే. 2015 మే నెలలో వడగాడ్పులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల్లో వందల కొద్దీ, మొత్తం మీద రెండు వేల దాకా జనం చనిపోయారు. 2021 సెప్టెంబరు 7న సిరిసిల్ల పట్టణం వీధులు చెరువులైనవి. 2023 మార్చి, ఏప్రిల్ నెలల్లో వడగండ్ల వానలకు తెలంగాణలో కోతకొచ్చిన పంటలు నేలపాలైనవి. అదే యేడు జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినంలోనే 64 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. వీటిలో ఏ ఒక్కటీ కేవలం భూమి వేడెక్కినందుకే వచ్చిందని చెప్పడం సైన్సు కాదు. వడగండ్లు మా నాయినమ్మ చిన్నప్పుడూ పడ్డవి. ఐతే వేడి గాలి ఎక్కువ తేమను మోస్తుంది, ఆ తేమ ఒక్కసారిగా దిగినప్పుడు పెద్ద వాన అవుతుంది. ఇట్లాంటి దినాలు ఇకముందు పెరుగుతాయని చెప్పడం మాత్రం సైన్సే.

ప్రశ్న ఒకటి కాదు, రెండు

ఈ విషయం మీద చదివినప్పుడు నాకు తెలిసిందేమంటే, ఈ దిగులు మా అక్క ఒక్కదానిది కాదు. 2019లో బ్రిటన్‌లో కొందరు యువతులు "బర్త్ స్ట్రైక్" అని పేరు పెట్టుకొని, ప్రభుత్వాలు మేలుకొనేదాకా పిల్లల్ని కనబోమన్నారు. 2021లో మన దేశంతో కలిపి పది దేశాల్లో 16 నుండి 25 యేండ్ల వయసు గల పదివేల మందిని అడిగిన ఒక పరిశోధన అచ్చయింది. వారిలో సుమారు 39 శాతం, వాతావరణం సంగతి తలచుకుంటే పిల్లల్ని కనడానికి వెనుకాడుతున్నామని చెప్పారు. పదిమందిలో నలుగురు అన్నమాట. ఒక క్లాసులో అరవై మంది ఉంటే ఇరవై నాలుగు మంది.

ఐతే ఈ చర్చలో రెండు వేరువేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నవి. మొదటిది: నేను బిడ్డను కంటే ఆ బిడ్డ వల్ల భూమికి నష్టమా? రెండవది: నేను కంటే ఈ భూమి వల్ల ఆ బిడ్డకు కష్టమా? చూడటానికి ఒకటే తీరుగా ఉన్నా ఇవి ఎదురెదురు దిక్కులు చూసే ప్రశ్నలు. మొదటిదానిలో బిడ్డ తప్పు చేసిన మనిషి, రెండవదానిలో దెబ్బ తిన్న మనిషి. మా అక్క అడిగింది రెండవది. పడమటి దేశాల్లో ఎక్కువగా లెక్కలు గట్టింది మొదటిది. రెండింటినీ విడదీసి చూద్దాం.

బిడ్డ వల్ల భూమికి భారమా?

2009లో అమెరికాలోని ఆరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన మర్టా, ష్లాక్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక లెక్క చేశారు. వారి పద్ధతి మన ఊర్లల్లో భూమి పంపకం వంటిదే, కాకపోతే తలకిందులుగా. బిడ్డ జీవితకాలంలో వదిలే కార్బన్ డై ఆక్సైడులో సగం తల్లి ఖాతాలో, సగం తండ్రి ఖాతాలో వేస్తారు. మనుమడిదైతే నాలుగో వంతు, ముని మనుమడిదైతే ఎనిమిదో వంతు. ఆస్తి పైతరం నుండి కిందికి దిగుతుంది. ఇక్కడ అప్పు కిందితరం నుండి పైకి ఎక్కుతుంది.

ఈ లెక్కన అమెరికాలో ఒక బిడ్డ వల్ల తల్లి ఖాతాలో పడేది సుమారు 9,441 టన్నులు. చైనాలో 1,384. మన దేశంలో 171. బంగ్లాదేశ్‌లో 56. అమెరికా బిడ్డ బరువు మన బిడ్డ బరువుకు 55 రెట్లు! 2017లో ఇదే లెక్కను ఆధారం చేసుకొని స్వీడన్‌లో ఇంకో ఇద్దరు పరిశోధకులు, సంపన్న దేశాల్లో ఒక బిడ్డను తక్కువ కంటే యేడాదికి 58.6 టన్నులు తగ్గుతుందనీ, కారు మానేస్తే 2.4 టన్నులే తగ్గుతుందనీ రాశారు. ఈ అంకె ప్రపంచమంతా తిరిగింది. కారు కంటే బిడ్డే పెద్ద దోషి అన్నట్టు మాట్లాడుకున్నారు.

నాకు ఇందులో రెండు తప్పులు కనబడుతున్నవి. మొదటిది, ఈ 58.6 పెరిగే ముందుతరాలన్నీ ఇప్పటి మాదిరే ఇంధనం కాలుస్తాయన్న ఊహ మీద నిలబడ్డది. అంటే తాత నడిపిన పెట్రోలు బండినే మునిమనుమరాలు కూడా నడుపుతుందన్నట్టు. ఆ బండి మారితే లెక్క మొత్తం కూలుతుంది. తమ లెక్కలో వదిలే రేటు తగ్గితే ఈ వారసత్వం కూడా బాగా తగ్గుతుందని 2009 పరిశోధకులే చూపించారు. రెండవది, అది మన అంకె కాదు. మన దేశంలో మనిషికి యేడాదికి సుమారు రెండు టన్నులు. అమెరికాలో సుమారు పద్నాలుగు. మా అక్కకు కారు లేదు, ఏసీ లేదు, ఆమె ఎక్కని విమానం బావ ఎక్కేదొక్కటే. ఆమె బిడ్డను భూమికి భారమని అనడానికి నాకు నోరు రాదు, లెక్కా రాదు.

ఇంకొక మాట. మనవాళ్లు ఇప్పటికే ఎక్కువగా కనడం లేదు. 1992–93లో జరిగిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. ఐదవ సర్వే 2019–20లో తెలంగాణలో జరిగినప్పుడు 1.8. ఒక తరం స్థానంలో ఇంకొక తరం నిలవడానికి 2.1 కావాలె. మేము ఇద్దరం ఆడపిల్లలం పుట్టగానే మా అవ్వ ఆపరేషన్ చేయించుకున్నది. మా నాయినమ్మకు ఎనిమిది కాన్పులు. మా ఇంటి గోడమీది ఫొటోలే ఆ సర్వేను చెప్తాయి.

మన ఆడవాళ్ల కడుపు గురించి సర్కార్లు లెక్కలు వేయడం కొత్త కాదు. కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమంగా ప్రపంచంలో మొట్టమొదట మొదలుపెట్టింది మన దేశమే, 1952లో. ఎమర్జెన్సీ కాలంలో 1976–77 ఒక్క సంవత్సరంలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు, వాటిలో చాలామటుకు మగవాళ్లకు, చాలామటుకు బలవంతంగా. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవాళ్లను స్థానిక ఎన్నికల్లో నిలబడనియ్యలేదు. ఇప్పుడు గాలి తిరిగింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధనను ఎత్తివేసింది. 2025లో తెలంగాణ కూడా అదే దారి పట్టింది. నిన్న వద్దన్నవారే నేడు కనండి అంటున్నారు. రేపు భూమి వేడెక్కిందని మళ్లీ వద్దంటారేమో! పై లెక్క మారినప్పుడల్లా కింద ఇండ్లల్లో ఆడదాని ఒళ్లు మారుతూ పోవాల్నా అని నా ప్రశ్న.

భూమి వల్ల బిడ్డకు కష్టమా?

ఇక అక్క అడిగిన అసలు ప్రశ్న. ఇక్కడ నేను అక్కకు ధైర్యం చెప్పడానికి అబద్ధం చెప్పలేను.

2020లో 27 దేశాల్లో జరిగిన 70 పరిశోధనలను ఒకచోట చేర్చి చూశారు. వేడి ఒక డిగ్రీ పెరిగితే నెలలు నిండకముందే కాన్పయ్యే అవకాశం సుమారు 5 శాతం పెరుగుతుందనీ, బిడ్డ కడుపులోనే చనిపోవడం కూడా దాదాపు అంతే పెరుగుతుందనీ తేలింది. గర్భిణి ఒంట్లో రెండు ప్రాణాల వేడి పుడుతుంది. ఒళ్లు చల్లబడటానికి నెత్తురు చర్మం వైపు పరుగెత్తితే బిడ్డకు పోవలసిన నెత్తురు తగ్గుతుంది. చెమటతో నీరు పోతే నొప్పులు ముందుగా రావచ్చు. మా అక్క బిడ్డ ఎండ వల్లనే పోయిందని నేను అనను. ఒక్కొక్క కాన్పుకు కారణం ఇదీ అని ఈ అంకెలు చెప్పవు. కాని అక్క మనసులో ఉన్న అనుమానం పిచ్చి అనుమానం కాదని మాత్రం చెప్తాయి.

బిడ్డ పుట్టాక తినే తిండి సంగతి చూద్దాం. వరి పూత మీద ఉన్నప్పుడు వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగ్గా రాలదు, గింజ పాలు పోసుకోదు, తాలు పోతుంది. మన యాసంగి వరి ఆలస్యంగా నాటితే పూత సరిగ్గా ఎండలు ముదిరే నాటికి వస్తుంది. రాత్రి వేడి కూడా తక్కువది కాదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ పొలాల లెక్కలతో 2004లో వచ్చిన పరిశోధన ప్రకారం, ఎండకాలపు పంటలో రాత్రి వేడి ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు పది శాతం తగ్గింది. పగలు కూడబెట్టుకున్న చక్కెరను రాత్రి ఊపిరి తీసుకుంటూ మొక్క తానే ఖర్చు పెట్టుకుంటుందని ఒక వివరణ.

బిడ్డ పెద్దయ్యాక చేసే పని సంగతి. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుండి గల్ఫుకు పోయినవాళ్లు లేని వాడకట్టు ఉండదు. దుబాయిలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుండి మూడింటి వరకు ఆరుబయట పని చేయించవద్దని నియమం ఉన్నది. "గా టైముల పడుకుంటం, మల్ల మూడింటికి ఎక్కుతం" అంటాడు బావ. ఎండను చూసి పని ఆపే నియమం ఎడారి దేశంలో ఉన్నది. మన పసుపు కళ్లాల్లో, వడ్ల కల్లాల్లో ఎవరికి వారే చూసుకోవాలె.

ఇక సిరిసిల్ల సంగతి. మా హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయిది సిరిసిల్ల. వాళ్ల నాయిన సాంచాలు నడుపుతాడు, అమ్మ కండెలు చుడుతుంది. రేకుల షెడ్డులో ఎండకాలం ఎట్లుంటదో ఆమె చెప్తే విన్నాను. 2021 వరదప్పుడు వాళ్ల షెడ్డులోకి మోకాలి మంటి నీళ్లు వచ్చి ఎన్నో రోజులు సాంచాలు ఆగినయట. నేను ఈ వ్యాసం గురించి చెప్తే ఆమె అన్న మాట నన్ను ఆపేసింది. "మా అమ్మ ఎండకు భయపడదే, సాంచ ఆగితే భయపడుతది. మా వాడకట్టుల పిల్లల్ని వద్దనుకునేది అప్పు చూసి. నీ డిగ్రీల లెక్క దానికి ఎనుక."

ఆ మాటను నేను చాలా రోజులు మనసులో తిప్పుకున్నాను. నిజమే. అదే 45 డిగ్రీలు అందరినీ ఒకే తీరుగా కాల్చదు. స్లాబు ఇంట్లో ఏసీ కింద ఉన్న గర్భిణికి అది ఒక వార్త. రేకుల కింద కండెలు చుట్టే గర్భిణికి అది ఒంటి మీది దెబ్బ. మధ్యలో ఉన్నవి ఏమిటి? కప్పు, నీళ్లు, నీడ, కూలి పోకుండా దొరికే విరామం, దగ్గరలో డాక్టరు. ఇవన్నీ మనుషులు మార్చగలిగినవే.

మార్చగలిగారు కూడా. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో 129 మంది యేడాది నిండకముందే చనిపోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28, తెలంగాణలో 21. మా నాయినమ్మ ఎనిమిది కాన్పుల్లో ఐదుగురే దక్కారు. లెక్క ప్రకారం చూస్తే మా అక్క బిడ్డకు ఎదురయ్యే ప్రమాదం మా బాపు పుట్టినప్పటి ప్రమాదం కంటే చాలా తక్కువ. ఐనా ఇంతటితో వ్యాసం ముగించి "భయమేం లేదు" అని రాస్తే అది మోసం అవుతుంది. నాయినమ్మ కాలంలో ప్రమాదం పెద్దదే కాని ఏటికేడు తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు చిన్నదే కాని ఒక దిక్కు నుండి పెరుగుతూ వస్తున్నది. బావిలో నీళ్లు ఎన్ని ఉన్నవని మాత్రమే చూస్తే చాలదు, ఊరుతున్నవా దిగుతున్నవా అని కూడా చూడాలె.

విత్తనం పోలిక ఎక్కడ చెల్లదు

ఇంట్లో ఈ మాట ఎత్తితే బాపు ఒక్కటే మాట అన్నాడు. "కాలం మంచిగైనంక ఎద్దామని కూసుంటె ఎవ్వడు ఎవుసం చెయ్యడు బిడ్డా. రోహిణి పోంగనే విత్తనం సదురుకుంటం, వాన దేవుని మీద ఇడుస్తం."

బాపు మాటలో బలం ఉన్నది. రైతు ఎన్నడూ పూర్తి భరోసాతో విత్తనం వేయలేదు. కాని ఈ పోలికను నేను సగం దూరమే ఒప్పుకుంటాను. మొలక ఎండిపోతే రైతు మళ్లీ దుక్కి దున్ని మళ్లీ విత్తుకుంటాడు. బిడ్డ విషయంలో ఆ మాట అనలేం. మా అక్కతో "ఈసారి పోతే మళ్లీ వేసుకోవచ్చు" అని ఎవరో అన్నారట. ఆమె ఆ రోజు అన్నం తినలేదు. ఇంకొకటి, పొలంలో ఏ విత్తనం, ఎప్పుడు, ఎన్ని ఎకరాలు అని బాపే నిర్ణయిస్తాడు. అందుకే నష్టమైనా తట్టుకుంటాడు. మరి అక్క విషయంలో నిర్ణయం ఎవరిది? అత్తకు మనుమడు కావాలె. మామకు వంశం కావాలె. బావకు సెలవు దొరకాలె. సర్కారుకు జనాభా లెక్క కుదరాలె. వీరందరి తర్వాత అక్క.

ఇదే మాట నాయినమ్మను అడిగాను. "గప్పుడు కనాల్నా వద్దా అని మమ్ముల ఎవలడిగిండ్రు బిడ్డా? ఎండకాలం వచ్చినట్టు కడుపొచ్చేది" అన్నది. ఎండకాలాన్ని ఆపలేమని ఆమె ఉద్దేశం. ఇప్పుడు చూస్తే ఎండకాలం కూడా మనుషుల చేతుల మీదుగానే వస్తున్నది. కడుపు సంగతి మాత్రం ఇంకా చాలా ఇండ్లల్లో ఆడదాని చేతికి రాలేదు.

నేను చదివి తేల్చుకున్నది ఇది. పిల్లల్ని కంటే భూమికి ద్రోహమనీ, కనకపోతే వంశానికి ద్రోహమనీ ఎవరైనా మన ఆడపిల్లలకు చెప్తే, రెండూ ఒప్పుకోవద్దు. భూమిని వేడి చేసింది మన కడుపులు కాదు. చల్లబరచే పని కూడా కడుపులతో అయ్యేది కాదు. అది బొగ్గుతో, పెట్రోలుతో, కరెంటుతో, పొలంలో నీటితో తేల్చుకోవలసిన పని. మన దేశం 2070 నాటికి నికరంగా సున్నా చేస్తామని 2021లో గ్లాస్గో సభలో మాట ఇచ్చింది. ఆనాటికి ఇప్పుడు పుట్టే బిడ్డకు నలభై ఏండ్లు దాటుతాయి. ఆ మాట నిలబడుతుందా లేదా అన్నది ఆ బిడ్డకంటే ముందు మన తరం చేతిలో ఉన్నది.

అక్కకు నేను చెప్పింది

ఇంతా చదివి అక్కకు "కను" అనో "వద్దు" అనో నేను చెప్పలేదు. ఆ హక్కు నాకూ లేదు. కాని నాకు తెలిసిన సైన్సు ఆమెకు పనికొచ్చేటట్టు నాలుగు మాటలు చెప్పాను.

మొదటిది క్యాలెండరు. బావ దసరాకు వచ్చిపోతే, కడుపు అక్టోబరులో నిలిస్తే, చివరి మూడు నెలలు సరిగ్గా ఏప్రిల్, మే, జూన్‌లో పడతాయి. అదే సంక్రాంతికి వస్తే కాన్పు అక్టోబరుకు పోతుంది. మొదటి నెలల్లో ఎండ ఏమీ చేయదని కాదు, కాని చివరి నెలల్లో దాని దెబ్బ ఎక్కువ స్పష్టంగా కనబడ్డది. ఇంత చిన్న సంగతి మా రెండు ఇండ్లల్లో ఎవరికీ తట్టలేదు. బావకు సెలవు ఎప్పుడు దొరికితే అప్పుడే కడుపు అన్నట్టు నడిచింది. సెలవు మార్చుకోవడం బావకు సులువు కాదు. కాని అడగడానికి ఒక కారణం దొరికింది.

రెండవది, కనేటట్టైతే ఆ యేడు పసుపు ఉడకబెట్టే కాడికి పోవద్దు, మధ్యాహ్నం బయటి పని వద్దు, దప్పిక కాకముందే నీళ్లు తాగాలె, కదలిక తగ్గినట్టు అనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆశా కార్యకర్తకు చెప్పాలె. మూడవది, మిద్దెకు తెల్ల సున్నం కొట్టించడం. తెలుపు ఎండను తిప్పికొడుతుంది, ఇల్లు కొంత చల్లబడుతుంది. ఇది మన పెద్దలకు తెలిసిన సంగతే. నాలుగవది, ఇవన్నీ చేసినా ఇంకా భయమనిపిస్తే వద్దనుకోవచ్చు. వద్దనుకున్న ఆడది తక్కువ మనిషి కాదు. ఈ నాలుగవ మాట చెప్పడానికి నాకు ఎక్కువ ధైర్యం కావలసి వచ్చింది.

బాపుకు కూడా ఒక పని అప్పజెప్పాను. నీళ్లు నిలిచిన మడిలో గాలి అందక సూక్ష్మజీవులు మీథేను పుట్టిస్తాయి. మీథేను గాలిలో పది పన్నెండేండ్లే ఉంటుంది కాని ఉన్నన్నాళ్లూ కార్బన్ డై ఆక్సైడు కంటే ఎన్నో రెట్లు వేడి పడుతుంది. మడిని ఒకసారి తడిపి, కొంచెం ఆరనిచ్చి, మళ్లీ తడిపితే మీథేను సుమారు మూడో వంతు నుండి సగం దాకా తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి. పూత మీద ఉన్నప్పుడు మాత్రం ఆరనియ్యవద్దు. బాపు మొదట నవ్వి, తర్వాత బోరు కింది అరెకరంలో చేసి చూశాడు. పంట తగ్గలేదు, మోటరు తక్కువ నడిచింది. ఇప్పుడు పక్క పొలం ఆయన వచ్చి అడుగుతున్నాడు. వరి విత్తనాల సంగతిలో మన పొలాస పరిశోధనా స్థానం "జగిత్యాల సన్నాలు" వంటి రకాలను ఇచ్చింది. వేడికి తట్టుకొనే రకాల కోసం పనిచేసే చోట రేపు మన కాలేజీ వాళ్లు ఉండాలని నా కోరిక.

మిత్రులారా, ఈ వ్యాసం చదివినవాళ్లకు ఒక్క మనవి. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ అక్కనో వదిననో ఒకసారి అడగండి, నీకేం కావాలె అని. మగ మిత్రులు మరీ అడగాలె. జవాబు చెప్పవద్దు, ముందు వినండి. మన సంఘం వారు వచ్చే యేడు ఎండకాలంలో ఊర్లల్లో గర్భిణులకు వేడి గురించి, నీళ్ల గురించి చెప్పే ఒక చిన్న శిబిరం పెడితే నేను మొదట పేరు ఇస్తాను.

నా సంగతి అడిగేవాళ్లకు: నేను కంటానో లేదో ఇంకా తేల్చుకోలేదు. కాని సంబంధం మాట్లాడటానికి ఎవరొచ్చినా, అది నేనే తేల్చుకుంటానన్న మాట ముందే చెప్పాలని మా అవ్వకు చెప్పి పెట్టాను. అవ్వ కొంచెం సేపు ఏమీ అనలేదు. తర్వాత, "చెప్త తియ్యి" అన్నది.

పోయిన వారం అక్క ఫోను చేసింది. ఇంకా ఏదీ తేల్చుకోలేదట. బావను మాత్రం సంక్రాంతికి సెలవు అడగమన్నదట. "కంటనో కననో గాని, అడుగు మాత్రం అడుగుమన్న" అన్నది.